డెల్టాలో వేధశాల: కట్టడం ఒక ఎత్తు, తేమ నుంచి కాపాడుకోవడం ఒక ఎత్తు

ఖగోళ సంఘం పెట్టాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న ఒకటే: ఎంత పెద్ద టెలిస్కోపు కొనాలి? గోదావరి డెల్టాలో ఆ ప్రశ్న చివర రావాలి. నీళ్లు ఎటు నుంచి వస్తాయి, గాలిలోని తేమను ఎక్కడ ఆపాలి, తాళం ఎవరి దగ్గర ఉంటుంది అన్నవి ముందు తేలాలి. ఇక్కడ మబ్బు మన పరికరాలకు శత్రువు కాదు, అది వస్తుంది, పోతుంది. ఏడాదంతా కనిపించకుండా పని చేసేది తేమ. చేలలో నిలిచిన నీరు ఆవిరవుతుంది, సముద్రం ఉప్పుగాలి పంపుతుంది, ఆపై వరద, ఆపై తుపాను. ఈ నాలుగింటినీ లెక్కలో పెట్టుకున్న గది పదేళ్ల తర్వాత కూడా వేధశాలగా ఉంటుంది. పెట్టుకోనిది పాత సామాన్ల కొట్టు అవుతుంది.

పది ఇరవై మంది సభ్యులు, ఎనిమిది లేదా పది అంగుళాల న్యూటోనియన్ (అడుగున పెద్ద అద్దం, పైన చిన్న అద్దం ఉండే) టెలిస్కోపు, కప్పు పక్కకు జరిగే చిన్న గది. ఈ స్థాయి సంఘాన్ని దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను.

చోటు ఎంచుకోవడం

చోటు చూడటం పగలు మొదలుపెట్టి రాత్రి ముగించాలి. పగలు చూసేది చెట్లను. అమలాపురం, పాలకొల్లు, భీమవరం, నరసాపురం అన్నీ 16.5 డిగ్రీల ఉత్తర అక్షాంశానికి కాస్త అటూ ఇటూగా ఉన్నాయి. ధ్రువనక్షత్రం కూడా మనకు ఉత్తరాన దాదాపు అంతే ఎత్తులో కనిపిస్తుంది. అంటే చాలా కిందన. ఇరవై మీటర్ల కొబ్బరిచెట్టు ఉత్తరం వైపు 60 మీటర్ల లోపల ఉంటే ధ్రువుడు దాని వెనక్కి పోతాడు. కోనసీమలో ఉత్తరాన కొబ్బరితోట లేని స్థలం దొరకడం ఎంత కష్టమో వేరే చెప్పనక్కర్లేదు.

ఉత్తరమా, దక్షిణమా అని ఎంచుకోవాల్సి వస్తే దక్షిణమే ఎంచుకోండి. ధ్రువుడు మనకు కావలసింది మౌంటును, అంటే టెలిస్కోపును మోస్తూ తిప్పే పీఠాన్ని, సరిచేసే రోజున మాత్రమే, దానికి వేరే దారి ఉంది. దక్షిణాన సముద్రం ఉంది, సముద్రం మీద ఊళ్ల వెలుతురు లేదు. ఫిబ్రవరి రాత్రుల్లో అగస్త్య నక్షత్రం 21 డిగ్రీల ఎత్తుకు వస్తుంది. మే నెలలో త్రిశంకు (శిలువ ఆకారపు నక్షత్రమండలం) 13 డిగ్రీలు దాటుతుంది. ఒమేగా సెంటారి అనే గోళాకార తారాగుచ్ఛం 26 డిగ్రీల వరకు ఎక్కుతుంది. ఉత్తరాది పరిశీలకులు వీటికోసం ప్రయాణాలు చేస్తారు. మనం దక్షిణపు గోడ తక్కువ ఎత్తులో కట్టుకుంటే చాలు.

రాత్రి చూసేది వెలుతురును. ఎనిమిదింటికి ఒకసారి, పదకొండింటికి ఒకసారి వెళ్లి నిలబడండి. రొయ్యల చెరువుల గట్ల మీద తెల్లవార్లూ వెలిగే దీపాలు, గ్యాస్ బావుల దగ్గర మంట, కొత్తగా వేసిన ఎల్ఈడీ వీధిదీపాలు ఏ దిక్కున ఎంత ఆకాశాన్ని తినేస్తున్నాయో కాగితం మీద గీసుకోండి. పిల్లలకోడి (కృత్తికల గుంపు) నడినెత్తిన ఉన్నప్పుడు అందులో ఎన్ని చుక్కలు లెక్కపెట్టగలుగుతున్నారో రాసుకోండి. ఆరు కూడా కనిపించకపోతే ఆ చోటు వదిలేయండి. వీధిదీపం ఒక్కటే అడ్డమైతే వదలక్కర్లేదు. పంచాయతీని అడిగి దానికి రేకు తొడుగు వేయించవచ్చు. మొత్తంగా ఆర్పమని అడిగితే గొడవవుతుంది, తొడుగు అడిగితే సాధారణంగా ఒప్పుకుంటారు.

మిగిలింది వరద. 1986 ఆగస్టు వరదలో నీళ్లు ఎంతవరకు వచ్చాయో ఊళ్లో పెద్దవారిని అడగండి. గుడి గోడ మీదో, బడి గోడ మీదో గుర్తు చూపిస్తారు. గది అరుగు దానికి రెండు అడుగులైనా పైన ఉండాలి. అంత ఎత్తు కట్టలేకపోతే బడి డాబా మేలు. డాబా పగటి వేడిని రాత్రి పదింటిదాకా వదులుతూనే ఉంటుంది, నక్షత్రాలు అల్లాడుతాయి. అయినా మునిగిన టెలిస్కోపు కన్నా అల్లాడే నక్షత్రం నయం. డాబా మీద దిమ్మె కడితే కింది స్తంభం, దూలం కలిసేచోటే కట్టాలి. పలక మధ్యలో కడితే ఎవరు అడుగేసినా చూపు ఊగుతుంది.

దిమ్మె

టెలిస్కోపును మోసే దిమ్మె గది నేలను తాకకూడదు. మొత్తం నిర్మాణంలో మేస్త్రికి పదేపదే చెప్పాల్సిన మాట ఇదే. ఎందుకంటే ఆయన అలవాటు ప్రకారం ఖాళీ కనిపిస్తే సిమెంటు పోసేస్తాడు. దిమ్మె చుట్టూ రెండు మూడు సెంటీమీటర్ల సందు వదిలి అందులో పొడి ఇసుక నింపి, పైన రబ్బరు పట్టీ వేయించండి.

రెగడి నేల వానలకు ఉబ్బి, వేసవిలో బీటలు వారుతుంది. పునాది ఆ బీటల లోతును దాటి కిందికి పోవాలి. తవ్వకం కాలువలు కట్టేసిన ఏప్రిల్, మే నెలల్లో పెట్టుకోండి. అప్పుడు భూగర్భజలం కాస్త దిగి ఉంటుంది, గోతిలో నీరు ఊరదు. అడుగున సుమారు ఘనమీటరు కాంక్రీటు, దాని మీద ముప్పై సెంటీమీటర్ల మందం ఉన్న స్తంభం పది అంగుళాల టెలిస్కోపుకు ధారాళంగా సరిపోతుంది. సముద్రానికి దగ్గర ఊళ్లలో బోరు నీరు ఉప్పగా ఉంటుంది. ఆ నీటితో కాంక్రీటు కలిపితే లోపలి చువ్వలు తుప్పు పడతాయి. కాలువ కట్టే ముందే మంచినీరు పట్టి ఉంచుకోండి.

పైన బిగించే బోల్టులకు ఉత్తర దిశ కావాలి. చువ్వల దగ్గర దిక్సూచి నమ్మదగినది కాదు. మధ్యాహ్నం నీడను నమ్మండి. మన రేఖాంశం సుమారు 82 డిగ్రీలు, భారత ప్రామాణిక కాలం లెక్కగట్టేది 82.5 డిగ్రీల మీద. అందుకే సూర్యుడు నడిమింటికి వచ్చే సమయం గడియారం పన్నెండు మీద కేవలం రెండు నిమిషాలు ఆలస్యం. దీనికి రుతువును బట్టి వచ్చే తేడా కలిపితే నవంబరులో 11.46 దగ్గర, ఫిబ్రవరిలో 12.16 దగ్గర ఉంటుంది. ఆ రోజు సరైన సమయం పంచాంగంలోనో, ఫోనులోని ఏదైనా ఆకాశపటంలోనో చూసుకుని, ఆ నిమిషాన తూకపు గుండు దారం నీడ మీద గీత గీయండి. అదే ఉత్తర దక్షిణ రేఖ. మే మొదటి వారం చివర, ఆగస్టు మొదటి వారంలో మాత్రం ఈ పని పెట్టుకోవద్దు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు, నీడే దొరకదు.

కప్పు

గుండ్రటి గోపురం అందంగా ఉంటుంది. కానీ తుపాను ప్రాంతంలో చిన్న సంఘానికి నా ఓటు పట్టాల మీద జరిగే కప్పుకే. బాగుచేయడానికి ఊళ్లో వెల్డరు చాలు. ఉప్పుగాలి తగిలే చోట మామూలు ఇనుముకు రంగు వేస్తే రెండు వానాకాలాలు కూడా ఆగదు. చట్రానికి వేడి జింకులో ముంచిన గాల్వనైజ్డ్ ఇనుము, బోల్టులకు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు అడగండి. అల్యూమినియం రేకుకు స్టీలు బోల్టు నేరుగా తగిలితే, ఉప్పు తేమలో ఆ కలిసినచోట అల్యూమినియం కొరుక్కుపోతుంది. మధ్యలో నైలాన్ వాషరు పెట్టాలి. పట్టాల్లో నీళ్లు నిలవకుండా అక్కడక్కడా రంధ్రాలు వేయించండి. చక్రాల గ్రీజు ఏడాదికి రెండుసార్లు తుడిచి కొత్తది పెట్టాలి. ఇసుక కలిసిన పాత గ్రీజు బేరింగును అరగదీస్తుంది.

నాలుగు మూలలా కప్పును పునాదికి కట్టేసే మరబిగింపు కొక్కేలు ఉండాలి. 1996 నవంబరు 6న కోనసీమను తాకిన తుపాను చూసినవారికి కప్పు ఎగిరిపోవడమంటే ఏమిటో చెప్పక్కర్లేదు. గాలి కప్పును పక్కకు తోయడమే కాదు, పైకి లేపుతుంది. పట్టాల మీద దాని బరువే దాన్ని ఆపుతుందనుకోవద్దు.

మౌంటు

తక్కువ అక్షాంశం వల్ల ఇక్కడ ఒక చిక్కుంది. మార్కెట్లో దొరికే చాలా భూమధ్యరేఖీయ మౌంట్లు (ఒక అక్షాన్ని ధ్రువుడి వైపు పెట్టి నక్షత్రాల వెంట తిరిగేవి) ఐరోపా, అమెరికా అక్షాంశాల కోసం చేసినవి. 16 డిగ్రీలకు వంచితే తూకపు కడ్డీ ముక్కాలిపీట కాలికి తగులుతుంది, కొన్నింటి మర అంత కిందికి దిగనే దిగదు. కొనే ముందు కనిష్ఠ అక్షాంశం ఎంతో అడిగి తెలుసుకోండి. ధ్రువుడు కనిపించని చోట డ్రిఫ్టు పద్ధతిలో సరిచేయాలి: దక్షిణాన మధ్యరేఖ దగ్గర ఒక నక్షత్రాన్ని అధిక వర్ధనంలో పెట్టి, అది ఉత్తరానికి జారుతోందా దక్షిణానికి జారుతోందా చూసి, మౌంటును తూర్పు పడమరలకు కొంచెం కొంచెం జరపాలి. తర్వాత తూర్పున కిందుగా ఉన్న నక్షత్రంతో ఎత్తు సరిచేయాలి. స్థిరమైన దిమ్మె మీద ఈ పని ఒకసారి శ్రద్ధగా చేస్తే చాలాకాలం నిలుస్తుంది. కేవలం కంటితో చూడటమే సంఘం ఉద్దేశమైతే ఇదంతా వద్దు, చేత్తో తిప్పుకునే సాదా పీఠం ఉన్న డాబ్సోనియన్ టెలిస్కోపు చాలు.

తేమ

ఇక అసలు సంగతి. గదిలో ఒకటి, పరికరాల పెట్టెలో ఒకటి ఆర్ద్రతా మీటర్లు పెట్టండి. గాజు మీద బూజు గాలిలో ఆర్ద్రత 60 శాతం దాటితే మొదలవుతుంది. డెల్టాలో రాత్రిపూట గాలి దాదాపు ఏడాదంతా ఆ గీతకు పైనే ఉంటుంది. బూజు ఒక్కసారి కటకం పూతను తిన్నదంటే తుడిస్తే మరక పోతుందేమో కానీ గాజు మీద గాటు ఉండిపోతుంది.

జరిగే కప్పున్న గది మొత్తాన్ని పొడిగా ఉంచాలనుకోవడం డబ్బు దండగ. సందులు ఎన్ని మూసినా గాలి వస్తూనే ఉంటుంది. గదిని వదిలేసి పెట్టెను కాపాడండి. ఐపీసులు (కన్ను పెట్టి చూసే కటకాలు), కెమెరా, ఫైండరు (గురి చూసుకునే చిన్న దుర్భిణి) అన్నీ రబ్బరు అంచున్న పెట్టెలోనో, విద్యుత్తుతో నడిచే పొడి బీరువాలోనో ఉండాలి. లోపల 40 నుంచి 50 శాతం మధ్య ఉంచండి. అంతకన్నా పొడి కూడా మంచిది కాదు, గ్రీజు, రబ్బరు ఎండిపోతాయి. సిలికా జెల్ వాడితే రంగు మారే రకం తీసుకుని, రంగు మారగానే వేడిచేసి ఎండబెట్టి మళ్లీ వాడండి. నీలం రకంలో కోబాల్టు ఉంటుంది కాబట్టి వంటకు వాడే పాత్రలోనూ, వంట ఓవెన్‌లోనూ వేడిచేయవద్దు. తోలు సంచులు, స్పాంజి నింపిన అట్టపెట్టెలు బూజుకు పుట్టిళ్లు. కొన్నప్పుడు వచ్చాయి కదా అని వాటిలోనే ఉంచకండి.

అద్దాలు ట్యూబులోనే ఉండిపోతాయి కాబట్టి వాటికి వేరే ఏర్పాటు కావాలి. ట్యూబు రెండు చివరలా మూత పెట్టి, లోపల సిలికా జెల్ సంచి వేలాడదీసి, పైన నూలు గుడ్డ కప్పండి. ప్లాస్టిక్ సంచి చుట్టితే తేమ లోపలే చిక్కుతుంది.

పరిశీలన రాత్రి మంచు ఎప్పుడు పడుతుందో ముందే చెప్పవచ్చు. గాలి 24 డిగ్రీలు, ఆర్ద్రత 85 శాతం ఉందనుకోండి. 21 డిగ్రీల దగ్గర గాలిలోని నీరు బిందువులుగా మారుతుంది. ఆకాశం కేసి తెరచి ఉన్న గాజు తన వేడిని పైకి వదిలేసి గాలికన్నా చల్లబడుతుంది కాబట్టి ఆ మూడు డిగ్రీల తేడా ఎంతోసేపు నిలవదు. తేడా మూడుకు రాగానే గాజు చుట్టూ కట్టే విద్యుత్ వేడిపట్టీలు ఆన్ చేయండి, తడిసేదాకా ఆగొద్దు. ట్యూబు ముందు అమర్చే తొడుగు పొడవు గాజు వ్యాసానికి ఒకటిన్నర రెట్లయినా ఉండాలి. న్యూటోనియన్‌లో ముందుగా తడిసేది ఫైండరు, ఆ తర్వాత చిన్న అద్దం. ముందు గాజు పలక ఉన్న కాటడియాప్ట్రిక్ టెలిస్కోపులు ఇక్కడ గంటలో మసకబారుతాయి. అందుకే మొదటి టెలిస్కోపుగా వాటిని సిఫారసు చేయను.

తడిసిన గాజును గుడ్డతో తుడవకండి, మూత కూడా పెట్టకండి. తడి గాజుకు మూత పెట్టి ఇంటికి వెళ్లడమంత బూజుకు ఇష్టమైన పని మరొకటి లేదు. కప్పు మూసి, ట్యూబును అడ్డంగా ఉంచి, ఫ్యాను గాలి తగిలేలా చేసి, పూర్తిగా ఆరాక మూత పెట్టండి. అందుకే చివరగా వెళ్లే సభ్యుడు నిద్ర తక్కువైనా సహించగలవాడై ఉండాలి.

అద్దం కడగడం, సరిచేయడం

దుమ్ము కొంచెం పట్టిన అద్దం బాగానే పని చేస్తుంది. ఏడాదికి ఒకసారికి మించి కడగవద్దు. సంక్రాంతి దాటాక, గాలి కాస్త పొడిగా ఉండే పగటిపూట పెట్టుకోండి. ఉంగరాలు, గడియారం తీసేసి మొదలుపెట్టాలి. అద్దం ఏ వైపు ఎలా ఉందో పెన్సిలుతో గుర్తు పెట్టి బయటికి తీయండి. సన్నటి నీటిధారతో ఇసుకరేణువులు పోయేదాకా వదలండి. గోరువెచ్చటి నీటిలో రెండు చుక్కల గిన్నెల ద్రవసబ్బు వేసి అద్దాన్ని కాసేపు ముంచి ఉంచండి. నీటిలోనే దూది ముద్దను అద్దం మీద దాని బరువుతోనే ఒక్కసారి లాగి పారేయండి, నొక్కవద్దు, అదే దూదిని మళ్లీ వాడొద్దు. చివరి కడుగు తప్పనిసరిగా డిస్టిల్డ్ వాటరుతో, ఇన్వర్టరు బ్యాటరీలకు అమ్మేదే సరిపోతుంది. బోరు నీటితో ముగిస్తే ఉప్పు చారలు మిగులుతాయి. అంచు మీద నిలబెట్టి ఆరనివ్వండి.

తిరిగి అమర్చాక కాలిమేషన్, అంటే అద్దాలను ఒకే వరుసలోకి తేవడం. ముందు చిన్న అద్దం ఐపీసు గొట్టం కింద సరిగ్గా మధ్యకు రావాలి. తర్వాత దాని మరలు తిప్పి పెద్ద అద్దం మధ్యలోని గుర్తును పట్టుకోవాలి. చివరగా పెద్ద అద్దం మరలతో ప్రతిబింబాన్ని గుర్తు మీదికి తేవాలి. ఈ వరస తప్పితే రాత్రంతా మరలు తిప్పుతూనే ఉంటారు. పగలు చేసినదాన్ని రాత్రి ఒక నక్షత్రంతో పరీక్షించండి: ఫోకస్ కొంచెం తప్పిస్తే వలయాలు ఒకే కేంద్రం చుట్టూ ఉండాలి. ఈ పరీక్ష ట్యూబు చల్లబడిన అరగంట, ముప్పావుగంట తర్వాతే చేయాలి.

పురుగులు, పాములు

కందిరీగలు ఫోకసరు గొట్టంలో (ఐపీసు అమర్చేచోట) మట్టిగూడు కడతాయి. ఎలుకలు వైర్లు కొరుకుతాయి. బల్లులు మౌంటు పళ్లచక్రాల మధ్య దూరతాయి. తెరచి ఉన్న ప్రతి గొట్టానికి మూత, ప్రతి వైరు రంధ్రానికి స్టీలు పీచు. కోతల తర్వాత చేలల్లో తిండి తగ్గి ఎలుకలు గదులవైపు వస్తాయి, వాటి వెనుక పాములు వస్తాయి. చీకట్లో చెప్పుల్లేకుండా ఎవరినీ లోపలికి రానివ్వకండి, గట్టు మీద నడిచేటప్పుడు చీకటికి అలవాటుపడ్డ కళ్ల కోసం వాడే ఎర్రదీపం కాదు, తెల్ల టార్చే వేయండి. దోమల మందు రాసుకున్న చేతులతో ఐపీసు ముట్టుకోవద్దు. డీట్ ఉన్న మందు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది, కటకాలను పాడుచేస్తుంది. మందు చీలమండలకు రాసి, చేతులు కడుక్కుని రావాలి.

కరెంటు, పిడుగు

పరికరాలన్నీ 12 వోల్టుల బ్యాటరీ మీద నడిపితే కరెంటు పోయినా పని ఆగదు. నిజానికి ఊళ్లో కరెంటు పోతే సంతోషించే సంఘం మనదొక్కటే. గదికి వేరే ఎర్తు గొయ్యి తీయించి, పట్టాలు, చట్రం, మౌంటు అన్నీ దానికి కలపండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం ఉరుముల వానలు ఎక్కువ. ఎర్తు, సర్జ్ రక్షణ ఉన్నా, వాడనప్పుడు ప్లగ్గులు గోడ నుంచి ఊడదీసి ఉంచడమే నమ్మకమైన రక్షణ. స్విచ్ ఆపడం దానికి బదులు కాదు.

ఏడాది పని

డెల్టాలో ఆకాశపు పంచాంగం పంటల పంచాంగంతో కలిసి నడుస్తుంది. సార్వా కోతల తర్వాత గడ్డి తగలబెట్టిన రోజుల్లో పొగ కిందికి దిగి నిలుస్తుంది, ఆ వారం అద్దం తెరవకపోవడమే మేలు. డిసెంబరు 13, 14 రాత్రుల్లో జెమినిడ్ ఉల్కలకు టెలిస్కోపు అక్కర్లేదు, చాపలు వేసుకుని డాబా మీద పడుకుంటే చాలు. దాళ్వా నాట్లకు చేలు నీళ్లతో నిండి ఉండే జనవరిలో తెల్లవారుజాము పొగమంచు తప్పదు. కాబట్టి సాయంత్రం ఆరున్నర నుంచి పదకొండు వరకే పని పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చి మన అసలు సీజను. పెద్ద కార్యక్రమాలు, బడిపిల్లల రాత్రులు అప్పుడే పెట్టాలి. మేలో పగటి గది వేడి ఎక్కువ కాబట్టి బ్యాటరీల్లో నీటిమట్టం వారానికోసారి చూడాలి.

జూన్ నుంచి సెప్టెంబరు వరకు ఆకాశం దాదాపు మూసుకుపోతుంది. చాలా సంఘాలు తాళం వేసి అక్టోబరులో తెరిచేది ఇక్కడే, బూజు పట్టేదీ ఇక్కడే. వానాకాలంలో వారానికొకసారి, ఎండ కాసిన పూట, ఇద్దరు సభ్యులు వెళ్లి కప్పు ఒక గంట తెరవాలి. సిలికా జెల్ మార్చాలి, అద్దం మీద టార్చి ఏటవాలుగా వేసి చూడాలి, మౌంటు రెండు అక్షాలనూ ఒక చుట్టు తిప్పాలి. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక ఇస్తారు, 13.75 దగ్గర రెండోది, 17.75 దగ్గర మూడోది. నదీపాయ పక్క ఊళ్లలో ఉన్న సంఘం రెండో హెచ్చరికకే బ్యాటరీలు, పెట్టెలు పై అంతస్తుకు చేర్చాలి. అప్పటికి ఊళ్లో అందరికీ చేతినిండా పని ఉంటుంది, మూడోదాకా ఆగితే మోయడానికి మనిషి దొరకడు.

తుపానుకు కూడా ఇలాగే మెట్లు పెట్టుకోండి. కాకినాడ రేవులో ఒకటో నంబరు హెచ్చరిక ఎగరేసిన రోజు కొక్కేలు పరీక్షించి, బయట ఉన్న వస్తువులన్నీ లోపల పెట్టాలి. మూడో నంబరుకు ఐపీసులు, కెమెరా, కంప్యూటరు ఎవరో ఒకరి పక్కా ఇంటికి వెళ్లాలి. ట్యూబును మౌంటు నుంచి దించి నేలకు దగ్గరగా గోడ మూలన పడుకోబెట్టాలి. తూకపు బరువులు తీసి అక్షాలు బిగించాలి. మెయిన్ ఆపి వైర్లు ఊడదీయాలి. చివరగా నాలుగు కొక్కేలూ బిగించి ఫోటో తీసి సంఘం వాట్సాప్ గుంపులో పెట్టాలి. ఫోటో ఎందుకంటే, కొక్కేలు ఎదుటివాడు బిగించి ఉంటాడని ఇద్దరూ అనుకోవడం మామూలు.

సంఘం

ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం 2001 ప్రకారం ఏడుగురు కలిస్తే సంఘాన్ని నమోదు చేయించుకోవచ్చు. బడి స్థలమో, పంచాయతీ స్థలమో తీసుకునేటప్పుడు ఆ కాగితం కావాలి. బ్యాంకు ఖాతా ఇద్దరి సంతకాల మీద, తాళాలు ముగ్గురి దగ్గర. ఒక్కరి దగ్గరే తాళం ఉన్న వేధశాల ఆయన బదిలీతో మూతపడుతుంది. చందాలో కొంత భాగం విడిగా, అద్దానికి మళ్లీ అల్యూమినియం పూత వేయించే రోజు కోసం దాచండి. ఉప్పుగాలిలో ఆ రోజు లోపలి ప్రాంతాలకన్నా ముందే వస్తుంది.

గదిలో కట్టు ఊడని పెద్ద పుస్తకం ఒకటి ఉండాలి. తెరిచిన సమయం, పెట్టెలోపలి ఆర్ద్రత, మంచు పట్టిన గంట, చూసినవి, పాడైనవి, మూసినవారి సంతకం. ఫోనులో రాసుకుంటామంటే ఒప్పుకోవద్దు. ఫోను మారితే చరిత్ర పోతుంది. 1840ల్లోనే విశాఖపట్నంలో గోడే జగ్గారావు సొంత ఖర్చుతో వేధశాల నడిపారు. ఆయన అల్లుడు అంకితం వెంకట నరసింగరావు అక్కడి నుంచే 1874 శుక్ర సంక్రమణాన్ని (శుక్రుడు సూర్యబింబం మీదుగా దాటడాన్ని) పరిశీలించారు. ఆ పని నేటికీ మనకు తెలుస్తోందంటే కాగితం మీద పెట్టారు కాబట్టే.

చంద్రుణ్ని, శనిని చూపించడం ఒక్కటే పని అయితే రెండేళ్లలో సభ్యులు పలచబడతారు. నెలనెలా చేసే కొలత ఒకటి పెట్టుకోండి. చంద్రుడు నక్షత్రాన్ని కప్పే క్షణాన్ని జీపీఎస్ సమయంతో నమోదు చేయడం మంచి ఎంపిక. చిన్న టెలిస్కోపు చాలు, మబ్బుల మధ్య ఐదు నిమిషాల సందు దొరికినా పని అవుతుంది. దానికి దిమ్మె అక్షాంశ రేఖాంశాలు, ఎత్తు కచ్చితంగా తెలియాలి. ఒకసారి కొలిచి గోడ మీద రంగుతో రాయించండి. మీరా వంటి చంచల (వెలుగు పెరుగుతూ తగ్గుతూ ఉండే) నక్షత్రాల కాంతి అంచనా కూడా పనికొస్తుంది. పగటిపూట వచ్చే బడిపిల్లలకు సూర్యుని మచ్చలు చూపించవచ్చు. అయితే సూర్యకాంతిని తగ్గించే వడపోత (ఫిల్టరు) ట్యూబు ముందు, మొత్తం నోటిని కప్పేలా ఉండాలి, ఐపీసుకు తగిలించే రకం వేడికి పగులుతుంది. ఫైండరుకు కూడా మూత వేయాలి, పిల్లలు మొదట కన్ను పెట్టేది అందులోనే. 2031 మే 21న కేరళ, తమిళనాడుల మీదుగా వలయ సూర్యగ్రహణం వెళ్తుంది, డెల్టాలో పాక్షికంగా కనిపిస్తుంది. వడపోతలు ముందే కొని, వెలుతురుకు ఎదురుగా పట్టి చిల్లులు లేవని ప్రతి ఏటా చూసుకుని, వాటినీ అదే పొడి పెట్టెలో పెట్టండి.